గానుగెద్దు మౌనవ్రతం

పైడయ్య గానుగపాకలో సోమన్న అనే ముసలి ఎద్దు ఉండేది. కళ్లకు గంతలు, మెడలో గంట, పొద్దస్తమానం రోలు చుట్టూ తిరుగుడు. ఆ పాక మూలనే పాత గంపలో చుక్కలపెట్ట అనే కోడి గుడ్లు పొదిగి పిల్లల్ని లేపింది. సోమన్న తిరుగుతున్నంతసేపూ గానుగ దూలం తిరుగుతూ, గంట మోగుతూ ఉంటుంది కనక నక్క ఆ గడప తొక్కేది కాదు. ఈ సంగతి కోడికి తెలుసు, నక్కకూ తెలుసు. తెలియంది పాపం సోమన్నకే. తాను చేసే మేలు తనకు కనపడకపోవడం మంచివాళ్లకు మామూలే.

ఒక మధ్యాహ్నం పైడయ్య భోజనానికి వెళ్లగానే నక్క గడప దాకా వచ్చింది. గంతలున్న ఎద్దుకు కనపడదని కూడా చూడకుండా నుదుటికి పొయ్యిలో బూడిద పూసుకుంది. నక్క వినయాలకేం తక్కువ? కుశలం అడిగింది, కాయ కాసిన మెడ చూసి కళ్లు ఒత్తుకుంది.

"ఇంత నడిచావు, ఏ ఊరు చేరావు నాయనా?" అంది.

కొన్నాళ్లుగా సోమన్న తనను తాను అడుగుతున్న మాటే అది. ఏ ఊరూ చేరలేదని ఒప్పుకుంది. ప్రదక్షిణ చేస్తున్నాననుకుని కాలం గడుపుతున్నానని సిగ్గుపడుతూ చెప్పింది.

"ప్రదక్షిణకు నడుమ దేవుడుండాలి. నీ నడుమ ఉన్నది ఉత్త రోలు" అంది నక్క.

అసలైన భక్తి అంటే పని వదిలెయ్యడమేననీ, కదలకుండా మౌనవ్రతం పట్టాలనీ, గంట చప్పుడైనా వ్రతభంగమేననీ ఉపదేశించింది. చెప్పేవాడికి వినేవాడు లోకువ. సోమన్న ఆగింది. గంటా ఆగింది. నక్క చప్పుడు కాకుండా గంప వైపు నడిచింది.

చుక్కలపెట్ట రెక్కలు విప్పి పిల్లలకు అడ్డం నిలబడింది. "ఆగిపోయావేం అన్నా? నువ్వాగితే నా పిల్లలు బతకరు" అంది.

సోమన్నకు అప్పుడర్థమైంది. కానీ ఏం చెయ్యగలదు? మెడ మీద కాడి, కళ్లకు గంతలు. తిరగడం తప్ప మరో విద్య రాదు.

"పిల్లల్ని తోలుకుని రోలు దగ్గరికి వచ్చెయ్యి చెల్లీ. చుట్టూ నేనుంటాను" అంది.

అంటూనే కదిలింది. ఆ వయసులో ఏనాడూ నడవనంత జోరుగా నడిచింది. తిరిగే దూలం కింద కోడీ పిల్లలూ దూరి రోలు చేరడానికి చోటుంది, నక్కకు లేదు. వెంటపడి దూరబోయిన నక్క డొక్కలో దూలం ఫెడీమని తగిలింది. గంట గోలకు పైడయ్య పరుగెత్తుకొచ్చాడు. ఎంగిలి చేత్తో కాకినైనా తోలడని పేరున్న మనిషి, ఆరోజు ఎంగిలి చేత్తోనే నక్కను పొలిమేర దాకా తరిమాడు.

సోమన్న రొప్పుతూ ఆగి, వ్రతం చెడినట్టేనా అని అడిగింది.

"నీ నడుమ ఎవరున్నారో చూసుకో అన్నా" అంది కోడి.

"గంతలున్నాయిగా తల్లీ. అయినా కిచకిచలు వినపడుతున్నాయిలే" అంది సోమన్న. దాని గొంతులో అంత సంతోషం కోడి ఎన్నడూ వినలేదు.

బతికుంటే బలుసాకు తినొచ్చనుకుంటూ పొదలో చేరిన నక్కను, ఉపదేశానికి వెళ్లావు, ప్రసాదం దక్కిందా అని పెళ్లాం అడిగింది. దక్కిందంటూ నక్క డొక్క తడుముకుంది.

నీతి: ఎవరికోసం తిరుగుతున్నామో తెలిస్తే, గానుగ చుట్టూ తిరిగినా గుడి చుట్టూ తిరిగినట్టే.