ఉన్నమాట తల్లి నోము

అక్షతలు చేతిలోనికి తీసుకొని, పక్కవారితో ముచ్చట్లు మాని వినుడు.

కృష్ణాతీరమున మితవాక్కు అను ముని తన పర్ణశాల యందుండగా, ఉపశాంతుడను ముని వచ్చి నమస్కరించి, అబద్ధము పాపమని పసిబిడ్డలకును తెలియునే, తెలిసి తెలిసి జనులు ఏల ఆడుచున్నారు, ఆడి ఆడి మాట పోగొట్టుకొన్నవారికి గతి యేమి అని అడిగెను. మితవాక్కు, ఇందుకు ఉన్నమాట తల్లి నోము కలదనియు, అది చేసి బాగుపడిన ఒక ఆడుదాని కథ చెప్పెదననియు, బాగుపడినదో లేదో విన్నవారే తేల్చుకొనవలెననియు పలికి, ఇట్లు చెప్పసాగెను.

నల్లమల కొండలలో తేనె తీసి బ్రతుకువారి గూడెమొకటి ఉండెను. అందు బయమ్మ అను ఆమె ఉండెను. పసితనమున ఆమె కుండ పగులగొట్టి నిజము చెప్పగా వీపు చిట్లునట్లు కొట్టిరి. మరొక కుండ పగులగొట్టి పిల్లి మీద పెట్టగా, పాపము భయపడినదని ముద్ద కలిపి పెట్టిరి. ఆనాడు నేర్చిన విద్య ఆమె మరువలేదు. ఆమె అబద్ధములకు మొదట గూడెమువారు నవ్విరి. తరువాత కోపగించిరి. ఆ తరువాత కోపగించుటయు మానిరి. ఆమె నోరు తెరిచినంతనే వారి చూపు పక్కకు పోవుచుండెను. తిట్టించుకొనువారికి ఇంకను చుట్టములు ఉన్నట్లే లెక్క. తిట్టుటకైనను పనికిరాకపోవుటయే అబద్ధికులకు నిజమైన శిక్ష.

ఆమె పెనిమిటి ఈదన్న. అత్త ఓబులమ్మ ఏటేట ఉన్నమాట తల్లి నోము పట్టుచుండెను. దాని విధి యేమనగా, తొమ్మిది శుక్రవారములు ఉపవాసముండి, దీపము పెట్టి, తాను అబద్ధమాడిన ఒక ఇంటికి పోయి, గడప బయట నిలిచి, ఫలానా మాట అబద్ధమని చెప్పి రావలెను. సాకు చెప్పరాదు. మన్నించమనరాదు. అటు తరువాతనే భుజింపవలెను. అత్త పోరగా బయమ్మ ఒక ఏడు నోము పట్టెను. ఆ తొమ్మిది వారములును ఏటి ఒడ్డున రేగుపండ్లు తిని వచ్చి, చెప్పి వచ్చితిననెను.

ఆ గూడెమున ఒక కట్టుబాటు కలదు. మగవాడు తేనెకై కొండచరియ దిగునపుడు పైనుండి తాడు పట్టువాడు అతని భార్య తోబుట్టువై యుండవలెను. చెల్లెలి మెడలోని తాడు తెంపుకొనువాడు ఎవడును ఉండడని పెద్దల నమ్మకము. అడవితీగెతో పేనిన ఆ తాడును మూడు పొద్దులు ఏటిలో నానవేయుట భార్య పని. నానని తీగె పెళుసుబారి తెగును.

బయమ్మ అన్న చౌడప్ప. ఊసుపోక ఆమె ఆడిన ఒక అబద్ధము వలన ఆ దినములలో ఈదన్నకును చౌడప్పకును పలుకులు లేవు. అయినను తేనె దినములు వచ్చినవి. తాడు బరువు, ఏరు దూరము. బద్ధకించి బయమ్మ తాడును చూరుకిందనే ఉంచి, ఆనాటి ఉదయము కుండెడు నీళ్ళు కుమ్మరించెను.

"తాడు బాగా నానిందా?" అని ఈదన్న అడిగెను.

"మూడు పొద్దులు నానింది. మోసి మోసి నా బుజాలు పడిపోయినాయి, సూడు" అనెను.

చరియ సగము దిగగానే తాడు తెగెను. ఈదన్న లోయలో పడి మరణించెను.

తెగిన మొన తడిసియుండుట చూచి పెద్దమనిషి కాటమయ్య, నానిన తాడు తెగదనియు, పగబట్టి చౌడప్పయే రాతికి ఒరిపించెననియు తీర్పు చెప్పెను. బయమ్మ అడ్డము పడి, తాడు నానలేదని, తప్పు తనదని నెత్తి కొట్టుకొనెను.

కాటమయ్య ఆమె వంక జాలిగా చూచి, "మొగుడు పోయిన పొద్దన్నా ఉన్నమాట ఆడరాదామ్మే? అన్నను కాపాడుకునేదానికి ఎంత కథ కట్టినావు!" అనెను.

పసితనపు ఆ మొదటి కుండ తరువాత ఆమె తనకు నష్టము వచ్చు నిజమొకటి చెప్పగా, అదియే ఎవరును నమ్మరైరి. చౌడప్పకు నిప్పు, నీరు ఇయ్యరాదని కట్టుచేసి అడవిలోనికి వెళ్ళగొట్టిరి. వానలు వచ్చుచుండెను. ఒంటరివాడు ఆ అడవిలో వానకాలము దాటి బ్రతికినట్లు వినికిడి లేదు.

అప్పుడు బయమ్మ నోము పట్టెను.

మొదటి వారము పొరుగింటి గడప ముందు నిలిచి, "అక్కా, నీ కోడిని నక్క ఎత్తుకపోలా. నేనే కూరొండుకుంటి" అనెను. ఆమె చేట విసరుచు, "నక్కకు మసాలా నూరను వస్తాదా? ఆ పొద్దే తెలుసులే, పో" అనెను.

అయిదవ వారము కొడుకు చచ్చిన ముసలమ్మ ఇంటికి పోయి, "నీ కొడుకు పోయేముందు అమ్మా అని పిలిసినాడంటినే, పిలవలేదవ్వా. ఏమీ అనలేదు" అనెను. ముసలమ్మ, "అది ఉంచుకొని బతుకుతాంటినే. చెప్పకుంటే నీ సొమ్మేం పోయింది?" అని తలుపు వేసికొనెను. ఆ దినము ఉపవాసము తీరియు బయమ్మకు ముద్ద దిగలేదు.

తొమ్మిదవ వారము వేరు కాపురమున్న అత్త గడపకు పోయెను.

"అత్తా, తాడు నేను నానెయ్యలేదు."

ఓబులమ్మ తలయెత్తలేదు. "ఎన్ని పొద్దులు?" అనెను.

"ఒక్క పొద్దు గూడా లేదు."

"జొరం వచ్చిందా?"

"లేదు."

"మరేంది?"

"దూరమని. బద్ధకమై."

ఓబులమ్మ కొంగు నోట కుక్కుకొని చాలాసేపు ఏడ్చెను. పిదప, "జొరమని నేనే సాకు అందిస్తి. తీసుకోకపోతివి. నమ్మితి పో" అనెను. లేచి కాటమయ్య కడకు నడచి, "కొడుకు పోయింది నాకు, మీకు కాదు. తాడు నానలేదు. నేను నమ్మినా. పిల్లోన్ని పిలిపీండి" అనెను. కన్నతల్లి మాట మీద మరి మాట లేదు.

చౌడప్పను వెదకి తెచ్చిరి. ఎముకలే మిగిలియుండెను గాని, ప్రాణముతో వచ్చెను. ఉన్నమాట తల్లి కరుణించెను. ఆ ఏడు చరియ నిండ తేనెపట్టులు పట్టెను, గూడెమున గింజలకు కరవు లేకుండెను. తగవు పడినవారు బయమ్మ మాట అడిగి పోవుచుండిరి. అన్న ఆమెను ఒక్క మాట అనలేదు. మరల తేనె దినములు రాగా అందరును చరియకు పోయిరి. చెల్లెలికి పెనిమిటి లేడు గనుక, చౌడప్ప పట్టుటకు తాడు లేదు. అన్నాచెల్లెండ్రు ఇద్దరును గుడిసె ముందు కూర్చుండి ఆ దినము గడిపిరి.

కావున ఉపశాంతా, భయముచే అబద్ధమాడువారు, మెప్పుకై ఆడువారు, ఊరక అలవాటుచే ఆడువారు, పిల్లలను నిజమునకు కొట్టి అబద్ధమునకు ముద్ద పెట్టిన తల్లిదండ్రులు ఈ నోము పట్టవలెను. పట్టినవారికి ధాన్యము కలుగును, ఇంటివారి నడుమ పలుకు కలుగును, చెప్పిన మాటకు విలువ కలుగును. పోయినవారు మాత్రము రారు. అది ఈ నోము ఫలములలో లేదు, ఏ నోము ఫలములలోను లేదు. అందుచేత ఆలసింపక, ముందే పట్టవలెనని మితవాక్కు చెప్పెను.

చదివినవాని నోట తప్పు దొరలినను, విన్నవారి కడుపులో అబద్ధము మిగలకుండుగాక. అక్షతలు తల్లి పాదముల యందుంచి, ఎవరి గడపకు పోవలెనో తలచుకొని లేవుడు.