నల్లోడి చెవిలో పిడుదు

కంబగిరికి ఒక చిక్కు వచ్చిపడింది. గొర్రెల కాపరి మాదన్న అతన్ని చూస్తే దారి మార్చుకుని పోతున్నాడు.

మా ఊరి గుట్ట మీద గుడిసెలో హుసేనప్ప తాత ఉంటాడు. ఫకీరు. మాట తక్కువ. ఆ లోటు శిష్యుడు కంబగిరి తీరుస్తుంటాడు. ఆరేళ్లలో తాత దగ్గర మూడు సుగుణాలు నేర్చుకున్నానని అతనే ఊరంతా చెప్పాడు. వాటిలో వినయం ఒకటి.

మాదన్నకు సారా అలవాటు. రెండు నెలలుగా ప్రతి శుక్రవారం గుట్టెక్కి, తాత పక్కన ఊరికే కూర్చుని దిగిపోయేవాడు. అంతసేపు ఏం మాట్లాడుకుంటారా అని నేను చెవులు రిక్కించాను. ఏమీ మాట్లాడుకోలేదు. అయినా రోజూ తాగేవాడు రోజు విడిచి రోజుకు వచ్చాడు.

ఈ నిదానం కంబగిరికి నచ్చలేదు. ఒక శుక్రవారం నలుగురి ముందూ మాదన్న చొక్కా పట్టుకుని, "ఒట్టు పెట్టు! ఈ క్షణమే మానెయ్!" అని ఊపేశాడు. మాదన్న ఒట్టు పెట్టలేదు. గుట్ట దిగి నేరుగా సారా కొట్టుకు పోయాడు.

మర్నాడు అతని భార్య సుంకులమ్మ వచ్చింది.

"తాతా, సగం మనిషి ఇంటికి తిరిగొచ్చినాడనుకున్యా. నీ శిష్యుని పుణ్యమా అని ఆ సగమూ పాయ."

"నువ్వే పిల్చుకరా పో," అన్నాడు తాత కంబగిరితో.

కంబగిరి మూడుసార్లు పోయాడు. మూడుసార్లూ మాదన్న గొర్రెల నడుమ వంగి కూర్చున్నాడు. ఆ మందలో మీసాలున్నది అతనొక్కడికే. అయినా కంబగిరికి కనబడలేదు.

తిరిగొచ్చి కూలబడ్డాడు. "తాతా, చెడ్డను పట్టుకుని లాగి పారేస్తే తప్పా?"

ఎదురుగా కుక్క నల్లోడు చెవి గోక్కుంటున్నాడు. చెవి లోపల అలసంద గింజంత పిడుదు, నెత్తురు తాగి ఉబ్బి ఉంది.

"తీయి," అన్నాడు తాత.

కంబగిరి వెంటనే బీడీ వెలిగించాడు. "కాలిస్తే అదే ఊడుతాది."

తాత బీడీ తీసుకుని ఆర్పేశాడు. "బెదిరితే కడుపులో విషం లోపలికే కక్కుతాది."

కంబగిరి గోళ్లతో పిడుదు పొట్ట పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. పొట్ట వచ్చింది. మూతి లోపలే మిగిలింది. నల్లోడు కుయ్యోమని ఎగిరి, బండ చాటుకు పోయి కూర్చున్నాడు. ఎంత పిలిచినా కంబగిరి వంక చూడలేదు.

తాత పిలవలేదు. బండ దగ్గరకు పోయి పక్కన కూర్చున్నాడు. కాసేపటికి నల్లోడే వచ్చి ఒళ్లో తల పెట్టాడు. రెండో చెవిలో ఇంకొకటి ఉంది.

తాత మొలతాడుకున్న ముళ్లు తీసే శ్రావణం విప్పాడు. వెంట్రుకలు పాయ తీశాడు. పొట్ట ముట్టుకోకుండా, చర్మానికి ఆనించి మూతి దగ్గర పట్టాడు. మెలి తిప్పలేదు. నిటారుగా, ఒకే బలంతో, మెల్లగా పైకి లాగుతూ ఉన్నాడు.

"ఇంకా రాలేదే తాతా?"

"వస్తాది."

వచ్చింది. మూతితో సహా, కాళ్లాడిస్తూ. తాత దాన్ని స్పిరిట్ సీసాలో వేసి, చెవినీ చేతులనూ సబ్బుతో కడిగాడు. నల్లోడు కళ్లు కూడా తెరవలేదు.

"మొదటి చెవిలో మిగిలింది గెలికి తీయనా?"

"గెలకొద్దు. కడిగి చూస్తా ఉండు. తోలు మానేటప్పుడు అదే బయటికి తోస్తాది."

అప్పుడే కంబగిరి చెయ్యి తన పిక్క మీదికి పోయింది. ముఖం తెల్లబోయింది.

"తాతా! నాకూ ఒకటి పట్టింది!"

"గుంజి పారెయ్."

"అయ్యో, వద్దు తాతా! నువ్వే తీయి. నిదానంగా."

తాత తీశాడు, అంతే నిదానంగా. పిక్క కడిగించి, "నెల రోజులు చూసుకో. దద్దురో జరమో వస్తే డాక్టరుకు చూపించు," అని శ్రావణం అతని చేతిలో పెట్టాడు.

కంబగిరి ఆ సాయంత్రమంతా నోరు తెరవలేదు. ఊళ్లో కొందరు భయపడ్డారు.

మర్నాడు కంబగిరి మాదన్న గొర్రెల దొడ్లోకి వెళ్లాడు. సారా ఊసెత్తలేదు. ఒక మూల కూర్చుని గొర్రెలకు పిడుదులు తీయడం మొదలుపెట్టాడు. రెండో రోజూ అంతే. మూడో రోజు మాదన్న అటు తిరక్కుండానే అన్నాడు: "ఆ బొల్లిదానికి చెవెనక ఇంకోటుండాది."

రెండు వారాలకు, శుక్రవారం నాడు, ఇద్దరూ కలిసి గుట్టెక్కారు. ముగ్గురూ ఏమీ మాట్లాడుకోలేదు. అంత ఎండలో నేను ఎక్కింది దండగ.

వెనకే ఎక్కొచ్చిన సుంకులమ్మ మాత్రం ఆగలేకపోయింది. "ఈ వారంలో రెండు దినాలే తాగినాడు తాతా. ఆ పాడు అలవాటు మొత్తం ఊడి వచ్చేస్తాదా?"

అందరం కంబగిరి వైపు చూశాం. ఇలాంటివాటికి జవాబు అతని దగ్గరే కదా ఉండేది. అతను నల్లోడి చెవి మడిచి చూస్తున్నాడు. పుండు మానింది. నల్లోడు తల వెనక్కి లాక్కోలేదు.

"వస్తాది," అన్నాడు తాత.