ఫిదెన్సియో కూతురు

అనగనగా రెండు ఊళ్ళు. అవునే బుజ్జీ, ఈ కథకి ఒక్క ఊరు చాలదు. ఒకటేమో అమెరికాలో లాస్ ఏంజిలిస్ అనే మహా పట్నం. రెండోది మెక్సికో దేశంలో, మబ్బులు గుమ్మం దాకా వచ్చిపోయే కొండ మీద, యావిలా అనే చిన్న పల్లె. దుప్పటి సరిగ్గా కప్పుకో, చెప్తా.

ఆ పట్నంలో దోనాహీ అని పద్నాలుగేళ్ళ పిల్ల ఉండేది. పొట్టిగా, గట్టిగా, బారు జడతో చూడముచ్చటగా ఉండేది. వాళ్ళ నాన్న ఫిదెన్సియో ఒక హోటల్లో వంటవాడు. అమ్మ ఎర్మెలిందా బట్టలు కుట్టే కార్ఖానాలో పని చేసేది. ఇద్దరూ ఆ కొండపల్లెలో పుట్టినవాళ్ళే. పెళ్ళయిన కొత్తలో పని వెతుక్కుంటూ సరిహద్దు దాటి పట్నం చేరారు. దోనాహీ మాత్రం పట్నంలోనే పుట్టింది.

ఆ పిల్లకి ఒక చిక్కు ఉండేది. బడిలో తెల్లపిల్లలు "నువ్వు మెక్సికో అమ్మాయివి కదా" అని పక్కన పెట్టేవాళ్ళు. సరేలే అని మెక్సికో పిల్లల దగ్గరికి పోయి కూర్చుంటే, వాళ్ళు "నువ్వు కొండవాళ్ళ పిల్లవి, మీ ఇంట్లో స్పానిష్ కూడా సరిగ్గా మాట్లాడరు" అని నవ్వేవాళ్ళు. పోనీ ఇంటికొస్తే, ఊరి నుంచి ఫోన్ చేసిన చుట్టాలు "దానికి మన కొండభాష ఎక్కడొస్తుందిలే, అది అక్కడి పిల్ల" అనేవాళ్ళు. ఇంక ఆ పిల్ల ఎక్కడికి పోవాలి చెప్పు?

అయినా దోనాహీ మూల కూర్చుని ఏడ్చే రకం కాదు. బాస్కెట్ బాల్ ఉంది చూడు, బంతిని బుట్టలో వేసే ఆట, అది ఎంత బాగా ఆడేదో! ఆ కొండ ఊళ్ళవాళ్ళకి ఆ ఆటంటే ప్రాణం. ఆదివారం ఆదివారం నాన్న పార్కుకి తీసుకెళ్ళి తనే నేర్పించాడు.

ఒక వేసవిలో కొండ మీద నుంచి ఫోనొచ్చింది. నాయనమ్మ యూఫ్రోసీనాకి మోకాళ్ళు పట్టేశాయట. ఫిదెన్సియో ఆ రోజు అన్నం ముట్టలేదు. వెళ్దామంటే అతని దగ్గర కాగితాలు లేవు. అంటే, ఆ దేశంలో ఉండొచ్చని సర్కారు ఇచ్చే కాగితాలన్నమాట. ఒకసారి బయటికెళితే మళ్ళీ రానివ్వరు. పదహారేళ్ళుగా కన్నతల్లి మొహం ఫోన్లోనే చూసుకుంటున్నాడు, పాపం.

దోనాహీ అక్కడే పుట్టింది గనక దానికా చిక్కు లేదు. అప్పుడు కూతుర్ని పిలిచి, "తల్లీ, నా బదులు నువ్వెళ్ళి నాయనమ్మని చూసి రావా?" అన్నాడు.

"నాకు భాష రాదు కదా నాన్నా. అందరూ నవ్వుతారు."

"నవ్వితే నవ్వనీ. నువ్వు మాత్రం వెళ్ళు."

దోనాహీ ఊరెళ్ళే పక్కింటావిడ వెంట బయల్దేరింది. ముందు విమానం, ఆ తర్వాత బస్సు, ఆ తర్వాత గొర్రెలతో పాటు ఒక లారీ. లారీ దిగేసరికి నాయనమ్మ కర్ర పట్టుకుని రోడ్డు మీదే నిలబడి ఉంది. మనవరాలి మొహం రెండు చేతుల్లోకి తీసుకుని కొండభాషలో ఏదో అంది. పిల్లకి సగం అర్థమైంది, సగం కాలేదు. కానీ ఆ చేతులు మాత్రం అచ్చం వాళ్ళ నాన్న చేతుల్లా ఉన్నాయి.

వారం రోజుల్లో ఊళ్ళో ఉత్సవం. ఉత్సవమంటే చుట్టుపక్కల ఊళ్ళన్నీ వచ్చి బాస్కెట్ బాల్ పోటీ ఆడాల్సిందే. ఆ ఊరి ఆడపిల్లల జట్టులో ఒకమ్మాయికి కాలు బెణికింది. అది విని నాయనమ్మ కుంటుకుంటూ మనవరాల్ని సిరీలో అనే ఊరిపెద్ద దగ్గరికి తీసుకెళ్ళింది.

"నా మనవరాలు ఆడుతుంది" అంది.

సిరీలో మంచివాడే, కానీ మాట నిక్కచ్చి మనిషి. పిల్లని తేరిపార చూశాడు. "మన ఊరి పిల్లలే ఆడాలమ్మా. ఈ అమ్మాయి పుట్టింది అక్కడ, పెరిగింది అక్కడ. రేపు పక్క ఊరివాళ్ళు అడిగితే ఏం చెప్పను?" అన్నాడు.

నాయనమ్మ ఎంత వాదించినా లాభం లేకపోయింది. దోనాహీ తల దించుకుని వెనక్కి తిరిగింది. ఇంత దూరం వచ్చినా అదే మాటా అనుకుంది.

ఊఁ కొడుతున్నావా? ఊఁ, వినూ.

మర్నాడు పొద్దున్నే ఊళ్ళో శంఖం ఊదారు. వానకి కొండచరియ విరిగిపడి, పైనున్న ఊట నుంచి ఊరికి నీళ్ళు తెచ్చే గొట్టం మట్టికింద పూడిపోయింది. నీళ్ళు లేకపోతే వచ్చే జనానికి వంటెలా? తాగడానికెలా? అప్పుడు ఇంటికొకరు చొప్పున పనికి రావాలి. అది వాళ్ళ కట్టుబాటు. జీతం లేదు, బత్తెం లేదు, ఊరి కోసం ఊరే చేసుకునే పని. దాన్ని వాళ్ళు తేకియో అంటారు.

శంఖం వినగానే నాయనమ్మ తలకి గుడ్డ చుట్టుకుని పార భుజానికెత్తుకుంది. డెబ్భై ఆరేళ్ళ మనిషి, మోకాళ్ళు వంగవు! దోనాహీ ఒక్క అంగలో వెళ్ళి ఆ పార లాక్కుంది.

"నేను వెళ్తా."

"నీ వల్ల కాదే పిల్లా."

"నీ వల్లా కాదు కదా నాయనమ్మా" అని పరుగెత్తింది.

మొదటి రోజు అరచేతులు బొబ్బలెక్కాయి. తెల్లటి బూట్లు బురదలో కూరుకుపోతే అందరూ పకపకా నవ్వారు. మధ్యాహ్నం వంటలావిడ తోమాసా వచ్చింది. పెద్ద నోరున్న ముసలావిడ, ఊళ్ళో ఆవిడ తిట్లు తినని వాళ్ళే లేరు. ఆవిడ అందరి చేతుల్లోనూ మొక్కజొన్న రొట్టెలు పెట్టి, దోనాహీకి మాత్రం కుర్చీ వేసి, పళ్ళెంలో పెట్టి మర్యాదగా ఇచ్చింది. చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళకి అలాగే పెడతారు. ఆ మర్యాద చూసి పిల్లకి ముద్ద దిగలేదు.

రెండో రోజు చేతులకి గుడ్డలు కట్టుకుని వెళ్ళింది. పక్కనున్న ఆడవాళ్ళని చూసి పార ఎలా పట్టాలో నేర్చుకుంది. "రాయి" అన్న మాట తెలిసింది. "ఎత్తు" తెలిసింది. "జాగ్రత్త" తెలిసింది. పలకడం తప్పితే వాళ్ళు మళ్ళీ పలికించారు. నవ్వారనుకో, కానీ తనూ నవ్వింది.

మూడో రోజు వాన. కొందరు వెనక్కి పోదామన్నారు. దోనాహీ మాత్రం పార దించలేదు. గొట్టం పక్కన ఒక పెద్ద బండ కదలనంటే, తనే గోతిలోకి దిగి కింద గడ్డపార పెట్టి నేర్చుకున్న మాటతో "ఎత్తండి!" అని అరిచింది. పదిమంది చేతులేశారు. బండ దొర్లింది. విరిగిన గొట్టం తీసి కొత్తది బిగించారు. గొట్టం ముందు గురగురమంది. ఆ తర్వాత బురద కక్కింది. ఆ తర్వాత తెల్లగా, చల్లగా నీళ్ళు! అందరూ దోసిళ్ళు పట్టారు.

రోజూ పని ముగిశాక సిరీలో ఇళ్ళ పేర్లు పిలిచేవాడు. మొదటి రెండు రోజులూ "యూఫ్రోసీనా ఇల్లు" అని పిలిస్తే దోనాహీ స్పానిష్‌లో పలికింది. మూడో రోజు సాయంత్రం కూడా ఆ పిల్ల అలాగే పలికాక, పెద్దాయన టోపీ తీసి నీళ్ళు దులుపుకున్నాడు.

"ఫిదెన్సియో ఇల్లు" అన్నాడు.

అందరూ తలలు తిప్పారు. ఊరొదిలి వెళ్ళిన కొడుకు ఇల్లు, పదహారేళ్ళుగా ఎవరూ పిలవని పేరు. దోనాహీ ముందుకొచ్చింది. బురద చేతులు గౌనుకి తుడుచుకుని, కొండభాషలో, తప్పు లేకుండా పలికింది.

"ఉన్నాం."

ఇంకెవరూ నవ్వలేదు. కాలు బెణికిన అమ్మాయి మర్నాడు తన జట్టు చొక్కా తెచ్చి దోనాహీకి తొడిగింది.

ఉత్సవం వచ్చింది. బాజాలు, పూలు, బాణసంచా! పక్క ఊరివాళ్ళు అననే అన్నారు, "ఆ పిల్ల మీ ఊరిదెలా అవుతుంది?" అని. సిరీలో కుళాయి వైపు చూపించి, "మీరు పొద్దుట్నించీ తాగుతున్న నీళ్ళు ఆ పిల్ల తవ్వి తెచ్చినవే" అన్నాడు.

ఆట మొదలైంది. ఆ కొండ మీద బంతి గీత దాటితే లోయలోకి దొర్లిపోయేది, కుర్రకారు దిగి తెచ్చేదాకా ఆట ఆగేది. దోనాహీ జింకలా ఉరికింది. ఒకటి వేసింది, రెండు వేసింది, పది వేసింది. ఆట ముగిసే వేళకి వీళ్ళ జట్టు ఒక్క పాయింటు వెనకబడి ఉంది. బంతి దోనాహీ చేతికొచ్చింది. ఊరంతా ఊపిరి బిగపట్టింది. ఎగిరింది, వేసింది. బంతి ఇనుప వలయం మీద తిరిగింది, తిరిగింది... బయటికి పడింది.

ఓడిపోయారే తల్లీ! దోనాహీ అక్కడే మోకాళ్ళ మీద కూలబడింది. ఇంక అందరూ మళ్ళీ "పట్నం పిల్ల" అంటారని కళ్ళు గట్టిగా మూసుకుంది.

అప్పుడు జనం కూర్చుని ఆట చూసే మెట్ల మీద నుంచి తోమాసా గొంతు ఖంగుమంది. కొండభాషలోనే.

"ఏమే ఫిదెన్సియో కూతురా! కళ్ళెక్కడ పెట్టుకున్నావే? మా మేక వేసినా పడేది కదే! మన పిల్లలకి చివర్లో ఈ కంగారేమిటే!"

దోనాహీ కళ్ళు తెరిచింది. ప్రతి మాటా అర్థమైంది! కుర్చీ లేదు, పళ్ళెం లేదు, మర్యాద అసలే లేదు. ఊళ్ళో ఆవిడ తిట్లు తినని వాళ్ళు లేరు కదా, ఇప్పుడు తనూ తింది. పిల్లకి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. జట్టు పిల్లలొచ్చి లేవదీసి, వీపు మీద నాలుగు చరిచారు. నాయనమ్మ మెట్ల మీద కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వుతోంది.

ఆ సాయంత్రం నాన్నకి ఫోన్ చేసి అంతా చెప్పింది. మొదటిసారిగా కొండభాషలో, తప్పులతోనే అనుకో. తిట్లు మాత్రం తప్పుల్లేకుండా అప్పజెప్పింది.

అవతల ఫిదెన్సియో ముక్కు ఎగబీల్చి, "మేక అందా? నన్నూ అదే తిట్టు తిట్టేదే" అన్నాడు.

కథేమో కొండకి, కునుకేమో కంటికి,
కంచి దాకా ఎందుకు, పోదాం మనింటికి.