వంటింట్లోంచి విన్న వర్ణం

బొబ్బిలిలో మాకు వీణ చెప్పే సోమిదేవమ్మగారికి ఒక అలవాటు ఉంది. పాఠం చెప్పేటప్పుడు ఎదురుగా కూర్చుంటారు. సాధన మొదలైందంటే మాత్రం లేచి వంటింట్లోకి వెళ్లిపోతారు. ఎందుకని ఎవరమూ అడగలేదు; కూర తరుక్కోవడానికే అనుకునేవాళ్లం.

ఒక రోజు, నాతోపాటు నేర్చుకునే వకుళ వీణ ముట్టుకోకుండానే అడిగింది: "అమ్మగారూ, కన్నకూతురు ఎక్కడుందో తల్లి తెలుసుకోవాలనుకోవడం తప్పా?"

సంగతి ఇది. వాళ్లింట్లో ఎవరు ఎక్కడున్నదీ మిగతావాళ్లకు ఫోన్లో తెలుస్తుంది, పటం మీద చుక్కలా. కిందటి నెల కూతురు నిహిత చుక్క ఆసుపత్రి దగ్గర అరగంట ఆగింది. వకుళ కంగారుపడి పెదనాన్న మొదలు మేనత్త దాకా అందరికీ ఫోన్లు చేసింది. తీరా చూస్తే పిల్ల స్నేహితురాలికి తోడు వెళ్లింది, అంతే. ఎవరికీ తెలియకూడదనుకున్న ఆ స్నేహితురాలి జబ్బు కాస్తా ఊరంతా తెలిసింది. నిహిత ఆ రోజే చుక్క ఆర్పేసింది. "బయల్దేరినప్పుడూ చేరినప్పుడూ నీ ఫోన్ మోగేలా పెడతానమ్మా. మధ్యలో మాత్రం నన్ను చూడకు" అంది. శనివారం కాలేజీవాళ్లతో అరకు వెళ్లాలి. చుక్క వెలిగిస్తే గాని పంపనని తల్లి. అయితే మానేస్తానని పిల్ల. మూడు రోజులుగా ఇంట్లో మాటల్లేవు.

"మధ్యలో ఏమవుతుందో, అదే కదండీ నాకు కావలసింది!" అంది వకుళ.

సోమిదేవమ్మగారు "వర్ణం వాయించు" అన్నారు. ఈసారి లేవలేదు. ఎదురుగా మఠం వేసుకుని, ముందుకు వంగి, వకుళ ఎడమచేతి వేళ్ల మీంచి చూపు తిప్పకుండా కూర్చున్నారు. ఆరేళ్లుగా వచ్చిన వర్ణమే. అయినా రెండో వరుసలోనే వేలు పక్క మెట్టు మీద పడింది. మళ్లీ మొదలెట్టింది, మళ్లీ అక్కడే.

"అలా చూస్తూ కూర్చుంటే ఎలా వస్తుందండీ!" అని నవ్వేసింది.

ఆవిడ లేచి లోపలికి వెళ్లిపోయారు. కత్తిపీట చప్పుడు మొదలైంది. వర్ణం హాయిగా సాగింది. సగంలో వకుళకు ఏం తోచిందో, నా వైపు చూసి, మాట్లాడొద్దన్నట్టు పెదవుల మీద వేలు పెట్టుకుని, వాయించడం ఆపేసింది.

నాలుగు తాళం దెబ్బలైనా పడకుండానే కత్తిపీట ఆగింది. "ఏమ్మా, తీగ తెగిందా?" సోమిదేవమ్మగారు గుమ్మంలో ఉన్నారు, చేతిలో సగం తరిగిన కాకరకాయతో.

"లేదండీ, ఊరికే... వింటున్నారో లేదో చూద్దామని. మరి నా వేళ్లు ఎక్కడెక్కడ తిరిగాయో మీకు అక్కణ్ణించి కనబడదు కదా?"

"వేళ్లు నీవి. ఆగితే కదా నేను లేవాల్సింది" అని ఆవిడ మళ్లీ వెళ్లిపోయారు.

వకుళ వీణ ఒళ్లోంచి దించింది. తర్వాత ఫోన్ తీసి, 'శనివారం వెళ్లు. రెండుసార్లు మోగితే చాలు' అని కూతురికి రాసి పంపింది. పంపాక, పిల్ల చూసిందా లేదా అని ఆ ఫోన్‌నే చూస్తూ కూర్చుంది.

వంటింట్లోంచి గొంతు వినబడింది: "వకుళా, వర్ణం ఇంకా సగంలోనే ఉందమ్మా."