సగటు టీ

అన్యాయం జరిగింది ఏటిగడ్డపల్లెలో పాలు పోసే ఆడవాళ్లకు. జరిగింది మే పద్నాలుగున.

ఆ రోజు వాళ్ల పాలు పులిసిపోయాయని డెయిరీ పారబోసింది. పారబోసి ఊరుకుందా? ఆఫీసు గోడ మీదున్న పెద్ద టీవీలో ఊరి పేరు ఎర్రక్షరాలతో ఎక్కించింది: ‘ఏటిగడ్డపల్లె. నాణ్యత లోపం.’ మరునాటి నుంచి ఆ ఊరి పాలు ముట్టుకోలేదు. పదిహేడున మీటింగు పెట్టి ఆ ఊరి కేంద్రాన్నే ఎత్తేస్తామన్నారు.

ఆ టీవీలో ఏది ఎక్కడ కనబడాలో తీర్చిదిద్దింది హిమజ. దాన్ని డాష్‌బోర్డు అనేవాళ్లు. తిరిగే చక్రాలు, లేచిపడే గీతలు, మెరిసే అంకెలు, పెళ్లి పందిట్లో సీరియల్ బల్బుల్లా వెలిగిపోయేది. చూసినవాళ్లంతా ఆహా అన్నారు. ఆహా అని, ఎవరి కుర్చీలో వాళ్లు కూర్చున్నారు.

పదహారున గంగులమ్మ ఆఫీసుకొచ్చి హిమజను నిలేసింది. ఆమె ఏటిగడ్డపల్లె పాల కేంద్రానికి అధ్యక్షురాలు. నోరు మంచిది కాదని పేరు. అన్యాయం నెత్తిన పడ్డాక మంచి నోరు పెట్టుకుని ఏం లాభం?

“ఏం పాపా, నీ టీవీ మా మీద అబద్ధం చెప్పిందే! పోసేటప్పుడు మీ మనిషే పరీక్ష చేసి బాగుండాయన్నాడు. మీ కూలర్లోనే పోసినాం. ఆడ చెడిపోతే మా పాలెట్ల చెడ్డవైనాయి?”

కూలరంటే పాలు చల్లబరిచే పెద్ద తొట్టి. పది ఊళ్లకు పది కూలర్లు, అన్నీ డెయిరీవే, నడిపేవాళ్లూ డెయిరీ మనుషులే. పాలు నాలుగు డిగ్రీల దగ్గర ఉండాలి.

“నా బోర్డులో ఒక్క అంకె తప్పు లేదక్కా,” అంది హిమజ. “చూడు, ఆ రోజు కూలర్ల సగటు 4.9. ఐదు దాటలేదు. పచ్చగానే ఉంది.”

“పచ్చగా కనబడిందల్లా నా బర్రె కూడా మేయదు పాపా!”

ఆ మాట హిమజకు ముల్లులా గుచ్చుకుంది. నేరుగా ఉస్తానీ ఇంటికి పోయింది.

ఉస్తానీ అంటే గురువమ్మ, అసలు పేరు జులేఖా బీ. కరెంటు వాళ్ల కంట్రోల్ రూములో ఏళ్ల తరబడి మీటర్లకు కాపలా కాసిన మనిషి. రిటైరయ్యాక తన మిద్దె మీద పిల్లల్ని కూర్చోబెట్టి అంకెలు చూడటం నేర్పుతోంది. హిమజ అక్కడే నేర్చుకుంది. ఉస్తానీ దగ్గర మాటలు తక్కువ, టీ ఎక్కువ.

హిమజ ల్యాప్‌టాప్ తెరిచి ముందు పెట్టింది. “ఇందులో ఒక్క తప్పు చూపించండి ఉస్తానీ, ఒప్పుకుంటా. అన్నీ నిజాలే. మరి ఆమె అబద్ధమంటుందేమిటి?”

ఉస్తానీ కళ్లజోడు పెట్టుకుని తిరిగే చక్రాల వైపు కాసేపు చూసింది.

“ఇది చూసి కుర్చీలోంచి లేచేదెవరు?”

“లేవడమేమిటి? కూర్చునే చూస్తారు.”

ఉస్తానీ కళ్లజోడు తీసేసింది. “రేపు మీటింగుకు ముందు రా బేటీ. టీ తాగి పోదువు.”

తెల్లారి హిమజ వెళ్లేసరికి వంటింటి గట్టు మీద పది గ్లాసుల పాలు వరుసగా ఉన్నాయి.

“వాసన చూడు.”

హిమజ ఒక్కొక్కటీ చూసుకుంటూ పోయింది. చివరి గ్లాసు దగ్గర ముక్కు పక్కకు తిప్పేసింది. “ఛీ, ఇది పులిసింది!”

“తక్కినవి?”

“తొమ్మిదీ బ్రహ్మాండంగా ఉన్నాయి.”

“నీ బోర్డు మీద ఈ పదింటికీ కలిపి ఏ రంగు?”

హిమజ నవ్వింది. ఇంత తేలిక ప్రశ్నా! “పదికి తొమ్మిది మంచివైతే పచ్చే ఉస్తానీ.”

“పచ్చే కదా.”

ఉస్తానీ పది గ్లాసులూ ఒకే గిన్నెలో వంచేసింది. హిమజ అయ్యో అనేలోపు గిన్నె పొయ్యెక్కింది.

పాలు పొంగలేదు. ముక్కలు ముక్కలుగా విరిగి, మధ్యలో నీళ్లు తేలాయి. ఉస్తానీ తాపీగా టీపొడి వేసింది, చక్కెర వేసింది, కప్పులోకి వంచి శిష్యురాలి ముందు పెట్టింది.

“తాగు.”

“ఇదెలా తాగను?”

“ఏం? సగటున బాగుంది కదా.”

హిమజ కప్పును పక్కకు నెట్టింది. ఒక్క ఉదుటున ల్యాప్‌టాప్ లాక్కుని గట్టు మీదే తెరిచింది. 4.9ని విడగొట్టింది. పది కూలర్లూ పది వరుసల్లో నిలబడ్డాయి. నాలుగు, నాలుగు, నాలుగు... తొమ్మిదీ నాలుగులే. పదోది ఏటిగడ్డపల్లె.

“పదమూడు! ఉస్తానీ, పదమూడు! వాళ్ల పాలు కాదు, మా కూలరే చెడగొట్టింది!”

“నాకెందుకు చెప్తావు? నేను లేచే ఉన్నా. కూర్చున్నవాళ్లకు చెప్పుపో.”

పాలు పోసే వేళకే మీటింగు పెట్టుకోవడం డెయిరీ అలవాటు. టైము లేదు. ఆటోలో ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని హిమజ తను కట్టిన చక్రాలను తనే పీకేసింది. మొదటిది పీకుతుంటే ప్రాణం ఉసూరుమంది. నాలుగోది పీకేసరికి హుషారొచ్చింది. “ఇంకా తొందరగా పోనీ అన్నా!” అని ఆటో అతన్ని కేకలేసింది.

ఆఫీసు వరండాలో గంగులమ్మ, ఊరి ఆడవాళ్లు బారుగా కూర్చుని ఉన్నారు. లోపల ఎండీ దొరస్వామి, మేనేజర్లు టీవీకి ఎదురుగా ఉన్నారు. టీవీ వెలిగింది. అంత తెర మీద ఒక్కటే వాక్యం:

‘అన్నిటికంటే వెచ్చగా ఉన్న కూలర్: గుట్టకిందపాళెం, 5 డిగ్రీలు.’ దాని కింద ఆపరేటర్ పేరు, ఫోన్ నంబరు. అంతే.

“ఏమ్మా, మన చక్రాలేవి? టీవీ పాడైందా?” అన్నాడు దొరస్వామి.

“నేనే తీసేశాను సార్.”

“ఇంత గోడకు ఒక్క ముక్కా? వచ్చినవాళ్లు నవ్విపోతారు.”

చక్రాలు పోయినందుకు మేనేజర్లు తలా ఒక మాట విసిరారు. రంగులు లేకపోతే కళే లేదన్నాడొకడు. హిమజ తెర వైపే చూస్తోంది. వాళ్ల కబుర్లు సాగుతుండగానే ఐదు ఏడయింది.

“అదేమిటి, మారింది?” అన్నాడు దొరస్వామి.

“గుట్టకిందపాళెం వేడెక్కుతోంది సార్. ఇప్పుడే. ఈ నిమిషంలోనే.”

తొమ్మిది.

“పాత బోర్డయితే ఏమనేది?”

“సగటు 4.5 అనేది సార్. పచ్చ.”

దొరస్వామి లేచిన ఊపుకు కుర్చీ వెనక్కి పడింది. తెర మీది నంబరు చూస్తూనే ఫోను కొట్టాడు. “ఏయ్ రెడ్డిబాషా! నీ కూలర్ ఏమైందిరా?”

“బాగానే ఉండాది సార్...” ఫోనులో పరుగు చప్పుడు. “అయ్యో! లో వోల్టేజీకి కంప్రెసర్ ట్రిప్పయి ఆగిపోయింది సార్! జనాలు పాలు పోస్తానే ఉండారు!”

“పోసేది ఆపు! జనరేటరెయ్యి! ఊఁ, ఎయ్యి!”

మేనేజర్లంతా లేచి టీవీ ముందు గుమిగూడారు. తొమ్మిది కదల్లేదు. కదల్లేదు. వరండాలో ఆడవాళ్లు కిటికీలకు అతుక్కుపోయారు. విషయం అర్థమైనవాళ్లు అర్థం కానివాళ్లకు చెబుతున్నారు.

“ఎనిమిది!” అని మొదట అరిచింది గంగులమ్మే. అది తన ఊరు కాదు, తన పాలు కాదు.

అంకె ఐదుకు దిగేదాకా ఆ గదిలో ఎవరూ కుర్చీ ముట్టలేదు.

అప్పుడు హిమజ పద్నాలుగో తారీకు వరుస తెర మీదికి తెచ్చింది. “ఏటిగడ్డపల్లెలో జరిగిందీ ఇదే సార్. మన కూలర్ పదమూడు. ఆ రోజు ఎవరూ లేవలేదు. నా బోర్డు ఎవరినీ లేపలేదు.”

దొరస్వామి కుర్చీ తనే ఎత్తి నిలబెట్టుకున్నాడు. కేంద్రం ఎత్తేయడం లేదన్నాడు, ఆ సాయంత్రం నుంచే పాలు తీసుకొమ్మన్నాడు. కిటికీ వైపు తిరిగి చెయ్యి ఊపాడు. “పోనీలేమ్మా, ఏదో జరిగిపోయింది.”

గంగులమ్మ లోపలికే వచ్చేసింది. “ఏదో జరగలేదు సామీ. ఫలానా రోజు జరిగింది. మా ఊరి పేరు ఎర్రగా యాడ రాసినారో ఆడనే రాయండి. తారీకు లేని క్షమాపణ మాకొద్దు.”

దొరస్వామి హిమజ వైపు చూశాడు. ఆయన తల ఊపుతాడో లేదోనని హిమజ ఆగలేదు, అక్షరాలు కొట్టడం మొదలుపెట్టింది.

అక్కణ్ణుంచి ఉస్తానీ ఇంటికి దాదాపు పరుగే. ఉస్తానీ గిన్నె తోముకుంటోంది.

“ఎవరు లేచారు?”

“అందరూ ఉస్తానీ!”

“అయితే కూర్చో.”

ఈసారి పాలు పొంగాయి.

ఆ వేళకు డెయిరీ ఆఫీసు గోడ మీద, ఎర్రక్షరాలున్న చోటే, అంత పెద్ద అక్షరాలతోనే ఉంది: ‘ఏటిగడ్డపల్లె పాలు మంచివి. చెడగొట్టింది మా కూలర్, 13 డిగ్రీలు. మే 14.’