అనంతగిరి మలుపులో పడ్డవాళ్ళు

పైడిరాజుకి వచ్చిన కష్టం ఒక్కటే. ఇళ్ళల్లో ఆడేవాళ్ళంతా లోయలో పడిపోతున్నారు.

నిజం లోయ కాదు లెండి, టీవీలో కనిపించే బొమ్మ లోయ. అయినా పడ్డవాడి బాధ పడ్డవాడిది. పడేసినవాడి బాధ అంతకన్నా పెద్దది.

విశాఖపట్నంలో గేములు ఆడేవాళ్ళకి గొర్లె సన్యాసిరావు మాస్టారు తెలియకుండా ఉండరు. ఆయన బడి మాస్టారు కాదు. ఆటలు తయారుచేసే మాస్టారు. మర్రిపాలెంలో ఇంటి మేడ మీదే ఆయన పనిగది. నలుగురు కుర్రాళ్ళు ఆయన దగ్గర పని నేర్చుకుని బయటికెళ్ళి బాగుపడ్డారు. ఐదోవాడు మన పైడిరాజు.

మాస్టారు కొత్తగా చేసిన ఆట పేరు ఘాట్ ర్యాలీ. అరకు ఎక్కే ఘాట్ రోడ్డు మీద కారు పందెం అన్నమాట. కారు తోలేది ఆడేవాడు. పక్క సీట్లో ఒక మనిషి కూర్చుని, రాబోయే మలుపు ఎటో ముందే కేకేసి చెబుతుంటాడు. ర్యాలీ పందేల్లో అదే పద్ధతి. డ్రైవరు కన్ను రోడ్డు మీద, చెవి పక్కవాడి మీద ఉండాలి. ఆ పక్కవాడి గొంతు ఎవరిదనుకున్నారు? పైడిరాజుదే. మంచి కంచు గొంతు కుర్రాడిది.

ముందు దాన్ని బీచ్ రోడ్డులోని గేముల హాల్లో పెద్ద మిషన్‌గా పెట్టారు. కూర్చోడానికి సీటు, చేతికి స్టీరింగు, కాళ్ళ కింద బ్రేకు, యాక్సిలేటరు. మలుపు వస్తోందంటే సీటు ఆ పక్కకే ఒరిగేది, స్టీరింగు చేతిని అటే లాగేది. జనం ఎగబడిపోయారు. పెళ్ళిలో ఐస్‌క్రీమ్ దగ్గర కూడా అంత తోపులాట ఉండదు.

"ఇళ్ళల్లో కూడా ఆడుకునేలా చేద్దాం. టీవీకి తగిలించుకునేదొకటి, కంప్యూటర్‌లో ఆడేదొకటి. ఆ పని నీదే పైడిరాజూ. పెట్టె మీద నీ పేరే వేస్తాను" అన్నారు మాస్టారు.

అంతే, ఇక కుర్రాడి కాలు నేలమీద ఆగలేదు. మిషన్‌లో లేని కొత్త కార్లు పెట్టాడు. వాన పెట్టాడు, పొగమంచు పెట్టాడు, రోడ్డుకి అడ్డంగా వచ్చే మేకల మందని కూడా పెట్టాడు. "హాల్లో ఆట కంటే ఇంటి ఆటే గొప్ప" అని నలుగురి దగ్గరా అనేశాడు కూడా. అనకూడదు. అన్నాడు.

జగదాంబ సెంటర్లో గేముల షాపు బుజ్జిబాబు ముందుగా కొన్ని తీసుకుని, తెలిసినవాళ్ళ ఇళ్ళకి ఆడి చూడమని ఇచ్చాడు. వారం తిరక్కుండా ఫోను.

"ఏటి గురూ, అనంతగిరి దగ్గర మా అత్త పడిపోయింది."

"ఎవరికైనా అలవాటయ్యేదాకా ఉంటుంది అన్నా."

"మా అత్త తర్వాత మా బావ పడ్డాడు. ఎదురింటి బ్యాంకు మేనేజరు పడ్డాడు. ఆయన పెళ్ళామూ పడింది. అందరూ ఒకే మలుపులో గురూ! ఆ ఒక్కచోటే స్టీరింగు పనిచెయ్యట్లేదంటున్నారు. ఆదివారం షాపులో అందరి ముందూ మొదలెడదామనుకున్నాం కదా. ఈలోగా సరిచెయ్యకపోతే నేను పెట్టెలన్నీ వెనక్కి పంపించేస్తాను. నా షాపు పరువు పోతుంది, నీ పేరూ పోతుంది."

పైడిరాజు ఫోను పెట్టేసి పెట్టె ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. పెట్టె మీద అచ్చయిన మొదటి పేరు అది. ఆ పెట్టెలు వెనక్కొస్తే ఇంకో ఆట ఎవరు చేతికిస్తారు?

మొత్తం విప్పి చూశాడు. స్టీరింగు పని చేస్తోంది. రోడ్డు సరిగ్గానే ఉంది. తను ఆడితే ఆ మలుపు కళ్ళు మూసుకుని కూడా తిరిగిపోతున్నాడు. టీవీలో చూశాడు, కంప్యూటర్‌లో చూశాడు. ఎక్కడా తప్పు లేదు. తిండి సహించలేదు. చివరికి తనకి తనే ఒక సమాధానం చెప్పుకున్నాడు. ఆట బాగానే ఉంది, ఆడేవాళ్ళకే ఆడటం రాదు.

ఆ మాటే మాస్టారి దగ్గర అన్నాడు.

మాస్టారు మేడ మీద చాపేసుకుని వేరుశనక్కాయలు ఒలుస్తున్నారు. "ఊ" అన్నారు.

"హాల్లో ఒక్కడు కూడా పడలేదు మాస్టారూ. ఇళ్ళల్లోనే పడుతున్నారు. అదీ పెద్దవాళ్ళే పడుతున్నారు. అంటే ఏమిటండీ? వీళ్ళకి కుడి ఏదో ఎడమ ఏదో తెలీదు."

"ఆ మలుపు దగ్గర పక్కవాడు ఏమంటాడు?"

"రైట్ అంటాడండి. అక్కడ కుడికి రెండు మలుపులు వెంటవెంటనే ఉంటాయి కాబట్టి ఒకసారి కాదు, రెండుసార్లు చెప్పించాను. అంతకన్నా ఏం చెప్పను?"

మాస్టారు ఇంకో కాయ ఒలిచారు. తర్వాత మెట్లవైపు తిరిగి, "సూరీడూ, ఓసారి పైకి రా" అని కేకేశారు.

మాస్టారి భార్య సూరీడమ్మ గారు చేతులు తుడుచుకుంటూ వచ్చారు. పైడిరాజుకి పిన్నిగారి మీద గౌరవమే గాని, ఈ ఆటకి ఆవిడ పనికొస్తారని అనుకోలేదు. ఆవిడ ఆట మీటల పలకని రెండు చేతుల్తో చాటలా పట్టుకుని కూర్చున్నారు. తప్పు చెప్పకూడదు, మొదటి మలుపులన్నీ ముద్దుగానే తిరిగారు. అనంతగిరి వచ్చింది. టీవీలోంచి పైడిరాజు కంచు గొంతు ఖంగుమంది.

"రైట్! రైట్!"

"పోతన్నాను కదయ్యా!" అన్నారు సూరీడమ్మ గారు. కారు బాణంలా నేరుగా పోయి లోయలో పడింది.

"చూశారా మాస్టారూ?" అని పైడిరాజు నెత్తి కొట్టుకున్నాడు. "పిన్నిగారూ, అక్కడ తిప్పాలండీ!"

"తిప్పాలని నాకెవరు చెప్పారు?"

"పక్కవాడు చెప్పాడు కదండీ!"

"వాడెక్కడ చెప్పాడు? వాడు తొందర పెట్టాడు, నేను పోయాను. ఇంకా నామీదే ఎగురుతావేటి?" అని ఆవిడ మీటలు చాప మీద పెట్టేశారు.

పైడిరాజు మాస్టారి వైపు చూశాడు. నేను చెప్పింది ఇదే కదా అన్నట్టు చూశాడు.

మాస్టారు పొట్టు దులుపుకుని లేచారు. "పద, సింహాచలం దాకా వెళ్ళొద్దాం. మీ పిన్నికి సంపెంగలు తేవాలి."

"ఇప్పుడా మాస్టారూ? ఆదివారం మీద పడుతోంది..."

"పద."

"సరే, బైకు తీస్తాను."

"బస్సులో పోదాం."

పైడిరాజు సిటీ బస్సెక్కి చాలా కాలమైంది. కాలేజీ అయ్యాక బండి కొన్నాడు. ఆ తర్వాత హెల్మెటు, చెవుల్లో పాటలు. రోడ్డు మీద ఎవరేం మాట్లాడుకుంటారో అతనికి తెలియదు. మాస్టారు ముందు తలుపు దగ్గర కిటికీ సీటు చూసుకుని కూర్చున్నారు. పైడిరాజు పక్కన కూర్చున్నాడు. కూర్చున్నాడే గాని ఊరుకున్నాడా? గొణుగుతూనే ఉన్నాడు.

"ఒకవేళ అక్కడ రోడ్డు వెడల్పు చేస్తే..."

"టిక్కెట్టు తియ్యి" అన్నారు మాస్టారు.

తీశాడు. రెండు స్టాపుల్లో బస్సు నిండిపోయింది. కాయగూరల బుట్టలు, గుండు కొట్టించుకోడానికి కొండకి వెళ్ళేవాళ్ళు, కాలేజీ పిల్లలు. కండక్టరు ఒక ఆవిడ, ఆ జనంలోంచి చేపలా జారుకుంటూ టిక్కెట్లు కొడుతోంది. ఎన్.ఏ.డి. జంక్షన్లో బస్సాగింది. ఒక ముసలాయన కొబ్బరికాయల గోనె ఎక్కిస్తున్నాడు.

"తొందరగా తాతా! ఆ గోనె లోపలికి లాగు, లోపలికి! అది నీ మనవరాలి పెళ్ళికా, కొండ మీద దేవుడికా అన్ని కాయలు?" అంది కండక్టరమ్మ.

"ఇద్దరికీనమ్మా" అన్నాడు ముసలాయన.

బస్సంతా నవ్వింది. పైడిరాజుకి నవ్వు రాలేదు. "మాస్టారూ, అసలు అక్కడ ఒక బాణం గుర్తు పెడితే..."

గోనె ఎక్కింది. ముసలాయన ఎక్కాడు. కండక్టరమ్మ తలుపు మీద అరచేత్తో చరిచి అరిచింది.

"రైట్! రైట్!"

బస్సు కదిలి నేరుగా పోయింది.

పైడిరాజు బాణం గుర్తు మాట మరిచిపోయి కండక్టరమ్మ వైపు తిరిగాడు.

ఇంకో స్టాపు వచ్చింది. అక్కడ రోడ్డు ఎడమకి వంపు తిరిగి ఉంది. ఇద్దరు దిగారు, ఒక తల్లీ బిడ్డా ఎక్కారు. "రైట్ రైట్!" అంది కండక్టరమ్మ. డ్రైవరు చక్కగా స్టీరింగు ఎడమకి తిప్పుకుని పోయాడు. బస్సులో ఒక్కరు కూడా ఇదేమిటని అడగలేదు. ఒళ్ళో పిల్ల కూడా "లైట్ లైట్" అని చేతులు ఊపింది.

పైడిరాజు మెల్లగా మాస్టారి వైపు తిరిగాడు. మాస్టారు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు, ఎప్పుడూ చూడని ఊరిని చూస్తున్నట్టు.

ముందు పైడిరాజు భుజాలు కదిలాయి. తర్వాత పొట్ట కదిలింది. తర్వాత ఆపుకోలేక గట్టిగా నవ్వేశాడు. కళ్ళల్లో నీళ్ళొచ్చేశాయి. ముందు సీట్లో ఆయన వెనక్కి తిరిగి చూశాడు. ఆ నవ్వు ఎటువంటిదంటే, తప్పిపోయిన పిల్లాడు సంతలో దొరికినప్పుడు తల్లి నవ్వుతుందే, అటువంటిది.

"మాస్టారూ, నేను దిగిపోతాను. ఇక్కడే దిగి ఆటో ఎక్కి ఇంటికి పోయి..."

"పూలో?"

"పూలు మీరు..."

"పూలు కొన్నాకే" అన్నారు మాస్టారు.

సింహాచలం వెళ్ళారు. మాస్టారు తొందరేమీ లేకుండా నాలుగు బుట్టల దగ్గర బేరమాడి, విచ్చని మొగ్గలుగా చూసి, ఆకు పొట్లం కట్టించుకున్నారు. పైడిరాజు ఒంటికాలి మీద నిలబడ్డాడు. తిరుగు బస్సులో కండక్టరు అరిచినప్పుడల్లా అతను తనలో తను తలూపుకుంటూనే ఉన్నాడు. ఇన్నాళ్ళూ హాల్లో సీటూ స్టీరింగూ మలుపు చెప్పేస్తుంటే, ఆ గోలలో తన గొంతు అసలు ఎవరు విన్నారు? ఇంట్లో విన్నారు. విన్నట్టే చేశారు.

ఆ సాయంత్రమే పనిగది తలుపులేసుకుని గొంతు మళ్ళీ ఎక్కించాడు. "కుడికి తిప్పు! ఇంకా కుడికి!"

సూరీడమ్మ గారిని మళ్ళీ పిలవడానికి పైడిరాజే మెట్లు దిగి వెళ్ళాడు. "పిన్నిగారూ, ఒక్కసారి. ఈసారి పడితే తప్పు నాదే."

"పోయినసారి మాత్రం నాదేటి?" అంటూనే ఆవిడ వచ్చారు, జడలో సంపెంగ పెట్టుకుని.

అనంతగిరి వచ్చింది. టీవీలోంచి కొత్త కేక వినిపించింది. కారు కుడికి తిరిగింది. మళ్ళీ కుడికి తిరిగింది. మేకల మందని హారన్ కొట్టి అదిలించి, పొగమంచులోంచి బయటపడి, అరకు దాకా పోయి ఆగింది.

"ఇప్పుడు మనిషిలా చెప్పాడు" అన్నారు సూరీడమ్మ గారు. "ఇంకో ఊరుందా ముందు?"

పైడిరాజు అక్కడే గోడకి చేరగిలబడిపోయాడు. ఎన్నాళ్ళకో ఆకలేసింది. పిన్నిగారు పెట్టిన అన్నం, ఆవకాయ రెండోసారి వడ్డించుకుని తిన్నాడు.

ఆదివారం బుజ్జిబాబు షాపులో అత్త ఆడింది, బావ ఆడాడు, బ్యాంకు మేనేజరు పెళ్ళామైతే మొగుడికి మీటలు ఇవ్వనే లేదు. ఒక్కరు కూడా పడలేదు. బుజ్జిబాబు పెట్టెలు వెనక్కి పంపడం మాట దేవుడెరుగు, ఇంకా పంపమన్నాడు. "గురూ, నీ చెయ్యి పడితే చాలు!" అని అందరి ముందూ వాటేసుకున్నాడు.

పైడిరాజు స్వీట్ల పొట్లం పట్టుకుని మాస్టారి దగ్గరికొచ్చాడు. కాళ్ళకి దణ్ణం పెట్టి, మనసులో మాట అడిగాడు.

"మాస్టారూ, నేను చెప్పగానే మీకెలా తెలిసిపోయింది?"

"నువ్వు చెప్పగానే తెలియలేదయ్యా. అంతకుముందే మీ పిన్ని పూజలో ఉన్నప్పుడు నేనూ ఆడాను."

"ఆడి?"

"పడ్డాను. ఎందుకు పడ్డానో తెలియలేదు. మర్నాడు కూరలకని బస్సెక్కాను."

పైడిరాజు తెల్లబోయాడు. "మరి నేను మీ దగ్గరికొచ్చి అంత ఏడుస్తుంటే అప్పుడే ఒక్క మాట చెప్పి ఉండొచ్చు కదా మాస్టారూ?"

మాస్టారు పొట్లం విప్పి, కాజా ఒకటి తీసుకుని, మిగతాది అతని చేతిలో పెట్టారు.

"చెబితే, ముసలాడికి ఆడటం రాదనుకునేవాడివి."