సుంకులమ్మ రాసిన ఫిర్యాదు

రాజులు ఊళ్లేలే రోజుల్లో ఒక పట్నంలో ఊరి సమాచారమంతా తాటాకుల మీద రాసి ఒకే కొట్లో దాచేవారు. చూపుకి బాగుంటుందని అధికారి గజపతయ్య ఆకుల్ని పొడుగుని బట్టి పేర్పించాడు.

నేతపని చేసే సుంకులమ్మ మొగుడికి కాలు విరిగింది. ఎముకలు కట్టే వైద్యుడు ఏ వీధిలో ఉంటాడో తెలుసుకోవాలని ఆ కొట్లో నాలుగు రోజులు వెతికింది. ఇంట్లో కాలు నల్లబడుతోంది.

"అన్నీ అందులోనే ఉన్నాయి, వెతుక్కోవే!" అన్నాడు అధికారి.

ఐదోనాడు కొట్టు చూడ్డానికి రాజు వచ్చాడు. "నా ఫిర్యాదు రాసి ఈయనకే ఇచ్చాను దొరా, ఈయనే ఆ ఆకుల్లో సర్ది పెట్టారు," అంది సుంకులమ్మ.

రాజు తెమ్మన్నాడు. పొద్దు వాలినా అది దొరకలేదు.

"ఇంతకీ ఏం రాశావమ్మా?"

"ఇక్కడ ఏదీ దొరకదని రాశాను దొరా."

రాజు అప్పటికప్పుడు ఆకులన్నీ పనుల వారీగా పేర్పించాడు. మర్నాడే వైద్యుడొచ్చాడు.

"ముందే పిలిస్తే కాలు నిలబెట్టేవాణ్ణి తల్లీ! ఇన్నాళ్లూ ఏం చేశావు?"

"వెతికానయ్యా," అంది సుంకులమ్మ.